పెద్దమ్మ ఫోనులో శంఖం

ఆశ్వయుజం, గురువారం. తెల్లవారేదాకా ముసురు, తరువాత ఎండ. కొట్టు ముందు నిలిచిన నీళ్లు చీపురుతో కాలవలోకి తోశాను. అద్దాల బీరువా లోపలా బయటా తుడిచాను. సాయంత్రం పని సాయంత్రం రాయాలి.

రోజూ నేను రాసేది ఇంతే. దీని కింద కొట్టు జమాఖర్చు. ఈ రోజు జమాఖర్చు పక్కన పెట్టి మా పెద్దమ్మ గురించి రాస్తున్నాను. పోయిన వారం ఇలాగే బీరువా తుడుస్తుంటే మామయ్య ఫోను చేశాడు. "అక్క పోయిందిరా" అన్నాడు. ఆ తరువాత ఇంకేమీ అనలేదు.  అటునుంచి ఏటిగాలి వినిపిస్తోంది, నావకి నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పటి ఫోన్లలో మనిషి మాట్లాడకపోయినా ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలిసిపోతుంది. పాత ఫోను అయితే లైను తెగిపోయిందనుకుని పెట్టేసేవాణ్ణి.

జ్వరమని పడుకుని కొద్ది రోజుల్లోనే వెళ్లిపోయింది. అంతకు ముందు వారం వరకు గంప ఎత్తింది.

చదివేవారికి ఆవిడ ఎవరో తెలియదు కనుక కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. పెద్దమ్మ మా అమ్మకి అక్క. మామయ్య వీళ్లిద్దరికీ తమ్ముడు. మేం గోదావరి మీద వేట చేసుకుని బతికేవాళ్లం. మామయ్య నావ వేస్తాడు. పెద్దమ్మ ఆ చేపలు గంపలో పెట్టుకుని ఊళ్లో ఇంటింటికీ తిరిగి అమ్మేది. పెదనాన్న చిన్నవయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లని పెంచి, నిడదవోలు సంబంధం చేసి పంపింది ఆ గంపతోనే.

నాకు పడవ పడలేదు. నీళ్ల మీద తల తిరుగుతుంది. పాడైన ఫోన్లు విప్పి, బిగించి, బిగించింది పనిచేయకపోతే మళ్లీ విప్పి, అలా పని నేర్చుకున్నాను. రేవుకి పోయే దారిలో చిన్న కొట్టు పెట్టుకున్నాను. మిగతా బంధువులు ఇదేం పని అన్నారు. పెద్దమ్మ అలా అనలేదు. రేవు నుంచి వస్తూ కొట్టు ముందు గంప దింపి, మంచినీళ్లు తాగి, ఫోన్లు విప్పి ఉన్న బల్ల వైపు కాసేపు చూసి, "దీనికీ పేగులుంటాయేంట్రా" అంది. చేప కోసినట్టే ఫోను కోస్తున్నానని ఆవిడకి నా పని మీద గౌరవం కలిగిందనుకుంటాను.

ఫోన్లు రాకముందు మా రేవులో ఒక పద్ధతి ఉండేది. చేపతో తిరిగొచ్చే నావ వంపు దాటగానే శంఖం ఊదేవారు. ఒక్కో నావది ఒక్కో ఊదు. గంపల ఆడవాళ్లంతా ఒడ్డున తాటాకు పాకలో కూర్చుని ఉండేవారు. ఊదు వినగానే ఏ నావ వస్తోందో, ఎవరు లేవాలో వాళ్లకి తెలిసిపోయేది. మామయ్య ఊదు మొదట పొడుగ్గా, చివర చిన్న విరుపుతో ఉంటుంది. ఫోన్లు వచ్చాక శంఖాలు ఇళ్లలో దేవుడి అలమరల్లోకి వెళ్లిపోయాయి. వంపు దగ్గరే ఫోను చేసి ఎంత పడిందో, ఏం పడిందో చెప్పడం మొదలుపెట్టారు.

పెద్దమ్మకి మొదటి ఫోను మామయ్యే కొనిచ్చాడు. వేలెడంత తెర, రబ్బరు బటన్లు. అది పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మోగినప్పుడే ఎవరో తెలియాల్రా. పేరు సూసి ఎత్తడానికి నాకు అచ్చరాలు రావు గదా" అంది.

అందులో ఉన్న కూతలన్నీ ఒక్కొక్కటిగా వినిపించాను. అప్పటి ఫోన్ల మోత ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. ఒక స్వరం ఆగితే గాని ఇంకో స్వరం పలకదు. దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు ఉండేది. పెద్దమ్మ మాత్రం కళ్లు మూసుకుని శ్రద్ధగా విని ఒక్కోదానికి పేరు పెట్టింది. చిమ్మెట, పిట్ట, సైకిలు బెల్లు, రైలుగేటు. మామయ్యకి రైలుగేటు ఇమ్మంది, అది మోగితే ఏ పనైనా ఆపాలి కాబట్టి. కూతురికి పిట్ట. వాడుకగా చేపలు తీసుకునే పాస్టరమ్మగారికి చిమ్మెట. మిగతా ఊరందరికీ కలిపి సైకిలు బెల్లు.

ఆ పేర్లు ఫోనులో ఉండిపోతే బాగుండేది. ఒకరోజు చర్చి పక్కన పాస్టరుగారి ఇంటి గుమ్మంలో గంప దించి, "చిమ్మెటగారూ, జెల్లలు తెచ్చానండి" అని పిలిచేసింది. పాస్టరమ్మగారు బయటికి వచ్చి, చిమ్మెట ఎవరమ్మా అని అడిగారు.

"తమరేనండి. తమరు చేత్తే చిమ్మెట మోగుద్దండి."

పాస్టరమ్మగారు లోపలికి వెళ్లి ఫోను తెచ్చి, అక్కడే నిలబడి పెద్దమ్మ నంబరు నొక్కారట. విన్నాక, నేనింత కీచుగా ఉన్నానా అన్నారట. పెద్దమ్మ కంగారుపడి, మీరు కాదండి, ఫోనండి, తమరు మెత్తగానే మాట్లాడతారండి అని సర్ది చెప్పింది. ఆ రోజు నుంచి ఆవిడ ఫోను చేసినప్పుడల్లా "చిమ్మెటని మాట్లాడుతున్నా" అనే మొదలుపెట్టేవారు. రోజూ నా కొట్టు ముందు ఆగే పెద్దమ్మ ఈ కబురు నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ పాస్టరమ్మగారి గొంతు అనుకరించి చెప్పేది.

తరువాత ఫోన్ల మోత మారింది. మొదట ఒకేసారి నాలుగైదు వాయిద్యాలు పలికేవి వచ్చాయి. అవి విని జనం ముచ్చటపడ్డారు. ఆ తరువాత పాటలే మోగే ఫోన్లు వచ్చాయి. నా కొట్టు ముందు పాటలు ఎక్కించుకునేవాళ్లు బారులు తీరారు. ఇక వెనక పెద్ద స్పీకర్లున్న చవక ఫోన్లు వచ్చినప్పుడైతే రాజమండ్రి బస్సులో ఎవరి మాటా ఎవరికీ వినిపించేది కాదు. ఒక పాట మోగితే బస్సులో సగంమంది జేబులు తడుముకునేవారు. పెద్దమ్మకీ ఫోను మార్చి ఒక పాట పెడతానన్నాను. వద్దంది.

"పాట మోగితే పాట వింటారు. ఫోనెవడు ఎత్తుతాడు?"

ఆ మాట నిజమే. చాలామంది పాట తమకి నచ్చిన ముక్క దాకా వచ్చేవరకు ఆగి అప్పుడు ఎత్తేవారు. నా ఫోను మాత్రం నేను మోగనివ్వను. వణుకు మాత్రమే పెట్టుకుంటాను. రోజంతా ఊరివాళ్ల మోతలు సరిచూసే మనిషికి తన జేబులో ఇంకోటి ఎందుకు?

ఇలా ఏళ్లు గడిచాయి. మోతల్లో పలచన తగ్గి, లోతు పెరిగింది. వేణువు పెడితే వేణువే పలికేది, వేళ్లు రంధ్రాల మీద పడ్డ చప్పుడుతో సహా. పెద్దమ్మ మాత్రం ఆ రబ్బరు బటన్ల ఫోనే వాడింది. బటన్ల మీద అంకెలన్నీ అరిగిపోయాయి. ఆవిడకి వాటితో పనిలేదు కూడా.

ఒక వేసవిలో ఆ ఫోను రిపేరుకి తేవడం మొదలుపెట్టింది. "మాట్లాడుద్ది గానీ మోగట్లేదురా" అంది. చూశాను. బాగానే మోగుతోంది. అయినా స్పీకరు మార్చాను. వారం తిరక్కుండా మళ్లీ తెచ్చింది. మళ్లీ మార్చాను. ఈలోగా మామయ్య నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. వంపు దగ్గర నుంచి ఎంత చేసినా అక్క ఎత్తట్లేదని, ఐసు లారీల బేరగాళ్లు వచ్చి చేపలు కొనుక్కుపోతున్నారని, పాకలో కూర్చుని నిద్రపోతోందేమోనని. పెద్దమ్మ ఫోనుదే తప్పంది. మామయ్య అక్కదే తప్పన్నాడు. మధ్యలో నేను స్పీకర్లు మారుస్తూ కూర్చున్నాను.

మూడోసారి ఫోను బాగుచేసి అద్దాల బీరువా మీద పెట్టాను. పెద్దమ్మ దానికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని, రొయ్య ధర పెరిగిందని చెబుతోంది. చిమ్మెట మోగింది. పాస్టరమ్మగారు చేస్తున్నారు. అద్దం మీద ఫోను ఊగుతూ మోగుతోంది. పెద్దమ్మ రొయ్యల గురించే చెబుతోంది. మోత ఆగిపోయింది. నా మొహం చూసి ఆవిడ మాట ఆపేసింది. వెనక్కి తిరిగి ఫోను చూసింది, తెర ఇంకా వెలుగుతోంది.

ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పిట్ట కూడా వినపడట్లేదురా" అంది. "సన్నవన్నీ పోయినాయి. పడవ ఇంజను వినపడుద్ది. చర్చి గంట వినపడుద్ది. నువ్వు మాట్లాడేది వినపడుద్ది. ఎవరికీ చెప్పకు. తెలిత్తే అమ్మాయి వచ్చి నిడదవోలు తీసుకుపోద్ది. అక్కడ కాలవుంది గానీ ఏరు లేదు. గంప దింపేశారంటే నన్నూ దింపేసినట్టే."

కూతురు చెడ్డది కాదు. తల్లి తలమీద బరువు చూడలేక ఎప్పటి నుంచో రమ్మంటోంది. రమ్మనడానికి ఒక కారణం దొరికితే చాలు. పెద్దమ్మ భయం అదే. మందలించి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. యంత్రం పెట్టించుకోమన్నారు. పెట్టించాను. ఒక పూట పెట్టుకుని తీసేసింది. పాకలో ఆడవాళ్ల మాటలు, గాలి, కాకులు, అన్నీ కలిసి చెవిలో చేపల సంతలా ఉందంది. పైగా అది చూస్తే అందరికీ తెలిసిపోతుందంది. దాన్ని పసుపు డబ్బాలో దాచింది.

సన్నవి వినపడకపోతే బరువైన మోత పెట్టాలి. అంతవరకు నాకు తెలిసింది. ఏం పెట్టాలో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. ఒక మధ్యాహ్నం మామయ్య ఇంటికి వెళ్లి, దేవుడి అలమరలో ఉన్న శంఖం ఒకసారి ఊదమన్నాను. ఎందుకురా అన్నాడు. ఎవరో అడిగారన్నాను. విసుక్కుంటూ అరుగు మీదకి వచ్చి ఊదాడు. నా ఫోనులో పట్టుకున్నాను.

పెద్దమ్మ పాత ఫోనులో రికార్డు పట్టదు కనుక, ముందు ఆ ఊదుని స్వరాలుగా కట్టి అందులో ఎక్కించి చూశాను. శంఖం కాస్తా దోమలా పలికింది. అందులో దోషం ఎవరిదీ లేదు. గోరంత స్పీకరు, అంతకన్నా ఏం పలుకుతుంది? అప్పుడు నా దగ్గరున్న వాడిన టచ్ ఫోను ఒకటి బాగుచేసి అందులో ఎక్కించాను. అందులో మొత్తం వచ్చింది. పొడుగు, చివర విరుపు. ఊదడానికి ముందు మామయ్య గుండె నిండా ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా.

మర్నాడు పెద్దమ్మ స్టూలు మీద కూర్చున్నాక, ఏమీ చెప్పకుండా ఫోను ఆవిడ వెనక పెట్టి మోగించాను. పెద్దమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపింది. చుట్టకుదురు తలమీద పెట్టుకుని, గంపకోసం వంగింది.

"పెద్దమ్మా, ఫోను" అన్నాను.

మళ్లీ కూర్చుంది. "తెలుసులేరా" అంది. "కాళ్లకి తెలవలేదు."

ఆ ఫోను తీసుకోమన్నాను. టచ్ ఫోనుతో ఆవిడకి వేరే తిప్పలు వచ్చాయి. చేపల తడి చేత్తో తోస్తే తెర మాట వినదు. వేలు కొంగుకి తుడుచుకుని, అదీ చాలక తలకి రాసుకుని, అప్పుడు తోసేది. తెర మీద పొలుసులు అంటుకుని ఎండిపోయేవి. రిపేరుకి తెస్తే నేను మొదట చేసే పని గోటితో పొలుసులు గీకడం. మిగతా అందరి మోతలూ మార్చాను. పాస్టరమ్మగారికి చర్చి గంట పెడతానంటే ఒప్పుకోలేదు. ఆవిడ చిమ్మెటే, వినపడకపోయినా చిమ్మెటే ఉండాలంది. ఆ ఇంటికి రోజూ తనే వెళ్లి కనుక్కునేది.

శంఖం పెట్టిన మొదటిరోజు రేవులో ఏం జరిగిందో నేను చూడలేదు. చూసినవాళ్లంతా చెప్పారు. పాకలో గంపల ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ రొంటిన ఉన్న సంచిలో శంఖం ఊదింది. ఎన్నో ఏళ్లుగా వినని ఊదు. ఆడవాళ్లంతా ఒక్కసారి గంపలెత్తుకుని ఒడ్డుకి దిగిపోయారు. ఒకావిడ చీర కుచ్చెళ్లు తడిసేదాకా నీళ్లలోకి వెళ్లింది. చూస్తే ఏరు ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగితే పెద్దమ్మ వేలు తలకి రాసుకుంటూ ఫోను తోస్తోంది.

పెద్దమ్మ పక్కనే గంప పెట్టుకునే ఆవిడ ఒకరున్నారు. వరసకి నాకు వదిన. ఆవిడ నోటికి రేవంతా భయం.

"ఏంటత్తా, ఊరందరినీ ఏట్లోకి తోలేత్తావా? ఇంకా నయం, పడవ ఇంజను మోత పెట్టించావు కాదు, ఎక్కేసేవోళ్లం" అంది.

అందరూ నవ్వారు. పెద్దమ్మా నవ్వింది. అంతలో మామయ్య నావ వంపు తిరిగి ఒడ్డుకి వచ్చింది. ఆడవాళ్లు జరిగింది చెప్పి, మళ్లీ ఒకసారి చెయ్యమని మామయ్యని పట్టుపట్టారు. మామయ్య తన ఫోను నొక్కాడు. అక్క నడుము దగ్గర నుంచి తన శంఖం తనకే వినిపించింది. నేను శంఖం ఊదమన్నది ఎవరి కోసమో అప్పుడు ఆయనకి తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది. అన్నాళ్లూ ఎత్తని ఫోన్లన్నీ గుర్తుకొచ్చి ఉంటాయి. ఆడవాళ్లు నవ్వుతుంటే ఆయన నవ్వలేదట. అక్క గంపలోకి చేపలు తనే ఎత్తి పోసి, గంప తనే తలకెత్తాడట.

సాయంత్రం నా కొట్టుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"సన్నవేనా? మొత్తం పోయిందా?" అన్నాడు.

సన్నవే అన్నాను.

"అమ్మాయికి తెలుసా?"

తెలియదన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి మామయ్య వంపు దగ్గర ఫోను చేసి, ఆ తరువాత నిజం శంఖమే ఊదడం మొదలుపెట్టాడు. అలమరలోంచి తీసి నావలో పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే ఏటి మధ్య సిగ్నలు సరిగా ఉండట్లేదనేవాడు. ఆ వంపు దగ్గర సిగ్నలు ఎంత బాగుంటుందో రేవులో అందరికీ తెలుసు. ఎవరూ ఎదురు చెప్పలేదు. కొన్నాళ్లకి వేరే నావలవాళ్లు ఇద్దరు కూడా తమ శంఖాలు బయటికి తీశారు. పాకలో ఆడవాళ్లు పెద్దమ్మతో కొంచెం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. వదినకైతే కొత్తగా అలవాటు చేసుకోవలసిన పని లేకపోయింది. చెవుల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నిడదవోలు దాకా ఆ కబురు వెళ్లలేదు.

ఒకసారి కోరుకొండ తీర్థానికి వెళ్తే, కొండ మెట్ల మీద పెద్దమ్మ సంచిలో శంఖం మోగిందట. ముందున్నవాళ్లు హారతి అవుతోందనుకుని చేతులెత్తి దండం పెట్టారట. పెద్దమ్మ కూడా వాళ్లతో పాటు దండం పెట్టి, ఆ తరువాత ఫోను ఎత్తింది. "మా తమ్ముడేనండి" అని పక్కవాళ్లకి చెప్పిందట. ఇది చెబుతూ మా కొట్టులో కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనెప్పుడూ ఎక్కువ నవ్వే మనిషిని కాను. ఆ రోజు నవ్వాను.

నా కొత్త ఫోన్లన్నిటికీ మొదటి పరీక్ష ఆవిడే. ఏ కొత్తది వచ్చినా మోగించమనేది. ఆవిడకి వినపడేంత వినేది. ఒకసారి ఒక ఖరీదైన ఫోను వినిపిస్తే చెవి దగ్గర పెట్టుకుని, "ఇన్నాళ్లకి ఊపిరి తీసుకోడం నేర్చుకున్నాయిరా ఇయ్యి" అంది. ఫోన్ల గురించి చాలామంది చాలా చెబుతారు. మోత ఎంత బాగుపడిందో ఇంతకన్నా బాగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

పెద్దమ్మని కాటికి తీసుకెళ్లిన రోజు పాస్టరమ్మగారు వచ్చారు. కూతురు ఆవిడని గుర్తుపట్టలేదు. పాస్టరమ్మగారు ఆ పిల్ల చేయి పట్టుకుని, "నేను చిమ్మెటనమ్మా" అన్నారు. కూతురికి అర్థం కాలేదు. తరువాత నేను చెప్పాను. చిమ్మెట గురించి చెప్పాక మిగతాది కూడా చెప్పవలసి వచ్చింది.  ఆ అమ్మాయి, పసుపు డబ్బాలో చెవి యంత్రం దొరికిందని, అది ఎవరిదోనని ఆలోచిస్తున్నానని చెప్పింది. నిడదవోలు వచ్చి ఉంటే బాగా చూసుకునేదాన్ని అంది. చూసుకునేదే. ఆ సంగతి పెద్దమ్మకీ తెలుసు.

పెద్దమ్మ ఫోను ఇప్పుడు నా దగ్గరే ఉంది. మామయ్య తెచ్చిచ్చాడు. ఇంట్లో ఉంచుకోలేనన్నాడు. "ఆపకు. చార్జింగు పెట్టి ఉంచు" అని మాత్రం చెప్పాడు. ఎందుకని అడగలేదు. అద్దాల బీరువాలో, కొత్త ఫోన్ల పక్కన, వైరు తగిలించి పెట్టాను. పొద్దున బీరువా తుడిచినప్పుడు దాన్ని తుడవలేదు. తెర అంచున ఒక పొలుసు ఉంది.

ఇంతవరకు రాసేసరికి బీరువాలో శంఖం ఊదింది. అద్దం సన్నగా అదిరింది. వేటకి వెళ్లిన మామయ్య వంపు తిరుగుతూ ఉంటాడు. చేయి అలవాటున నొక్కిందో, తెలిసే నొక్కాడో నాకు తెలియదు. నేను లేచి బీరువా తలుపు తీశాను.

అదే సమయానికి వదిన గంపతో కొట్టు ముందు నుంచి వెళ్తోంది. ఆగిపోయింది. ఒక చేత్తో గంప అంచు పట్టుకుని ఏటివైపు తిరిగి నిలబడింది. మా కొట్టు దగ్గర నుంచి ఏరు కనపడదు. అది ఆవిడకీ తెలుసు.

"ఎత్తకు అబ్బాయ్" అంది, నావైపు చూడకుండానే. "పూర్తిగా ఊదనీ."

ఫోను చేతిలోనే ఉంచుకుని నిలబడ్డాను. చివర విరుపు దాకా వచ్చి ఆగింది. రోడ్డు మీద వదిన కదల్లేదు. నా చేతిలో, మళ్లీ మొదలవడానికి ముందు, మామయ్య ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.